చెషైర్, లేజర్: ఎనిమిది అంగుళాల డాబ్సోనియన్‌తో ఆరేళ్లు

నాది డాబ్సోనియన్, అంటే పీఠం మీద పెట్టి చేత్తో తిప్పుకునే న్యూటన్ తరహా అద్దాల టెలిస్కోపు. దాని పెద్ద అద్దం వెడల్పు ఎనిమిది అంగుళాలు, నాభ్యంతరం (అద్దం నుంచి బింబం ఏర్పడే చోటికి దూరం) 1200 మిల్లీమీటర్లు. నాభ్యంతరం వెడల్పుకు ఆరు రెట్లు కాబట్టి ఎఫ్/6 అంటారు. ఆరేళ్లలో దాని అద్దాలు సరిచేయడానికి మొదట లేజర్ కాలిమేటర్ (సన్నని లేజర్ కిరణంతో అమరిక చూపే పరికరం), తర్వాత చెషైర్ (కంటితో చూసి సరిచేసే గొట్టం) వాడాను. ఏది కొనాలని అడిగితే తడుముకోకుండా చెషైర్ అంటాను. కానీ లేజర్‌ను తప్పుపట్టే ముందు ఫోకసర్ సంగతి, అంటే ఐపీస్ (కన్ను పెట్టి చూసే కటకం) పెట్టే గొట్టం సంగతి చెప్పాలి.

లేజర్ పని చూడటానికి చాలా తేలిక. ఫోకసర్‌లో పెట్టి వెలిగిస్తే కిరణం పైనున్న చిన్న వాలు అద్దానికి తగిలి, అడుగున ఉన్న పెద్ద అద్దం మీద ఎర్రటి చుక్కగా పడుతుంది. చిన్న అద్దం వెనక ఉన్న మూడు స్క్రూలు తిప్పి ఆ చుక్కను పెద్ద అద్దం నడుమ గుర్తుగా ఉన్న వలయంలోకి తెస్తాం. తర్వాత అడుగున ఉన్న స్క్రూలతో పెద్ద అద్దాన్ని సవరించి, తిరిగి వచ్చే కిరణం లేజర్ ముఖం మీది రంధ్రంలోనే పడేలా చూస్తాం. రెండు నిమిషాల్లో అయిపోతుంది. మొదటి ఏడాదంతా అలాగే చేశాను. అయినా 200 రెట్ల దగ్గర గురుగ్రహం పట్టీలు ఎప్పుడూ మసకగానే కనిపించేవి, నక్షత్రాలకు ఒక పక్క చిన్న తోక ఉండేది. గాలి నిలకడగా లేదనుకునేవాణ్ణి. అద్దం ఇంకా చల్లబడలేదనుకుని గంటసేపు ఆగేవాణ్ణి.

ఒక రాత్రి చుక్క సరిగ్గా రంధ్రంలో ఉండగా, లేజర్‌ను పట్టి ఉంచే ఫోకసర్ స్క్రూను ఇంకాస్త బిగించాను. చుక్క రంధ్రం దాటి బయటికి వెళ్లిపోయింది. వదులు చేస్తే వెనక్కి వచ్చింది. అద్దాలు కదలలేదు, ఒరిగింది లేజర్ గొట్టం. 30 మిల్లీమీటర్ల పట్టులో మిల్లీమీటరులో పదో వంతు ఖాళీ ఉన్నా, 1200 మిల్లీమీటర్ల దూరంలోని పెద్ద అద్దం మీద చుక్క 4 మిల్లీమీటర్లు పక్కకు పోతుంది. ఆ తప్పుడు చుక్కనే నమ్మి ఏడాదిపాటు రెండు అద్దాలనూ తిప్పుతూ వచ్చాను.

లేజర్‌ను కూడా పరీక్షించాను. రెండు చెక్కముక్కలు కలిసిన గాడిలో పెట్టి తిప్పితే, 5 మీటర్ల దూరంలోని గోడ మీద చుక్క ఒకే చోట నిలవకుండా అంగుళం వెడల్పున వలయం గీసింది. గొట్టంలో దాగిన చిన్న స్క్రూలు సవరించి దాన్ని దారికి తేవడానికి రెండు సాయంత్రాలు పట్టింది. కొత్త లేజర్ కొన్నవారు మొదట చేయాల్సిన పని ఇదే.

చెషైర్‌కు బ్యాటరీ లేదు. కన్ను పెట్టే చిన్న రంధ్రం, లోపల 45 డిగ్రీల వాలులో మెరిసే వలయం, అంతే. పెద్ద అద్దం నడిమి గుర్తు ఆ మెరుపు వలయం మధ్యలోకి వచ్చేదాకా స్క్రూలు తిప్పాలి. చివరికి వచ్చేసరికి స్క్రూను చుట్టులో పదో వంతు తిప్పినా గుర్తు జరగడం కంటికి తెలుస్తుంది. గొట్టం కొద్దిగా ఒరిగినా పెద్ద అద్దం కొలత పెద్దగా చెడదు. నా ఫోకసర్ లాంటి వదులు ఫోకసర్‌కు ఇంతకన్నా మంచి తోడు లేదు. లేజర్ ముందు బార్లో కటకం (కిరణాన్ని విప్పార్చే కటకం) పెట్టే, నిల్స్ ఓలోఫ్ కార్లిన్ అనే ఆయన సూచించిన పద్ధతిలోనూ ఇదే లాభం ఉంది: అక్కడ చూడాల్సింది చుక్కను కాదు, నడిమి వలయం నీడను.

చెషైర్‌తో కష్టాలూ ఉన్నాయి. కన్ను ఫోకసర్ దగ్గర ఉంటే చెయ్యి అడుగు స్క్రూలకు అందదు. చూడటం, వెళ్లి తిప్పడం, మళ్లీ వచ్చి చూడటం. చీకటి పడ్డాక టార్చి పట్టుకోవాలి, అందుకే నేను సంధ్యవేళలోనే ముగిస్తాను. చిన్న అద్దం నల్లటి నీడ పెద్ద అద్దం వైపు కొంచెం జరిగినట్టు కనిపిస్తే కంగారు పడవద్దు, న్యూటన్ తరహా టెలిస్కోపులో అది సహజమే. దాన్ని నడిమికి తేవాలని చిన్న అద్దాన్ని తిప్పుతూ కూర్చుంటే ఉన్న అమరిక కూడా చెడుతుంది. చిన్న అద్దం స్క్రూలు ముట్టుకునేటప్పుడు టెలిస్కోపును తప్పనిసరిగా అడ్డంగా పడుకోబెట్టండి. చేయి జారిన అలెన్ కీ పెద్ద అద్దం మీద పడకూడదు.

ఎఫ్/4 టెలిస్కోపు ఉన్నవారికి ఈ పట్టింపు ఇంకా ఎక్కువ కావాలి. కోమా (అంచుల్లో నక్షత్రాలు తోకచుక్కల్లా సాగడం) లేకుండా కనిపించే మేర ఎఫ్ సంఖ్య ఘనాన్ని బట్టి మారుతుంది. ఎఫ్/8తో పోలిస్తే ఎఫ్/4లో దాని వెడల్పు ఎనిమిదో వంతే.

ఇప్పుడు లేజర్‌ను చిన్న అద్దానికే వాడుతున్నాను, అదీ ఫోకసర్ స్క్రూను ప్రతిసారీ ఒకే బిగువులో ఉంచి. పెద్ద అద్దం చెషైర్‌దే. ఆఖరున ధ్రువనక్షత్రం మీద తనిఖీ: మోటారు లేని టెలిస్కోపులోనూ అది దాదాపు కదలకుండా నిలుస్తుంది. దాన్ని కేంద్రంలో ఉంచి ఫోకస్ కొద్దిగా తప్పిస్తే వలయాలు విచ్చుకుంటాయి. అవన్నీ ఒకే కేంద్రం చుట్టూ ఉంటే ఇక స్క్రూల జోలికి పోను, ఐపీస్ మార్చి గురుగ్రహం వైపు తిప్పుతాను. పోయిన నెల అలా తిప్పిన రాత్రి, ఒక ఉపగ్రహం నీడ సిరా చుక్కలా నల్లగా, అంచులు తెగినట్టు గురుగ్రహం మీద కనిపించింది.