సొంత పేరుతో వెబ్‌సైట్: గిట్‌హబ్ పేజెస్ ఎవరికి నప్పుతుంది, ఎక్కడ ఇబ్బంది పెడుతుంది

పని అప్పగించాలనుకునేవాళ్లు మీ పేరు వెతికినప్పుడు, మీ గురించి మీరే రాసుకున్న పేజీ ఒకటి వాళ్ల కంటపడాలి. అలాంటి పేజీకి, ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌హబ్ సైటు 2008లో మొదలుపెట్టిన గిట్‌హబ్ పేజెస్ అనే సేవ ఇప్పటికీ చాలా మంచి చోటు. హోస్టింగ్ (సైటును ఇంటర్నెట్‌లో ఉంచడం) ఉచితం, ప్రకటనలు ఉండవు, పేజీ చకచకా తెరుచుకుంటుంది. ప్రోగ్రామర్లకే కాదు, అనువాదకులకూ డిజైనర్లకూ పరిశోధకులకూ బాగా పనికొస్తుంది. సరుకు అమ్మేవాళ్లు మాత్రం వేరే చోటు చూసుకోవాలి. ఆన్‌లైన్ వ్యాపారం నడపడానికి దీన్ని వాడకూడదని నిబంధనల్లోనే ఉంది.

మొదలుపెట్టడం తేలికే. ఖాతా తెరిచి, యూజర్‌నేమ్‌కి '.గిట్‌హబ్.ఐఓ' చేర్చిన పేరుతో పబ్లిక్ రిపాజిటరీ (అందరికీ కనిపించే ఫైళ్ల ఫోల్డర్ లాంటిది) చేసి, అందులో 'ఇండెక్స్.హెచ్‌టీఎంఎల్' ఫైలు పెడితే చాలు. యూజర్‌నేమే సైటు చిరునామాలోకి వస్తుంది కనుక సరదా పేర్లు పెట్టుకోవద్దు. ఇంట్లో కంప్యూటర్‌లో కనిపించిన ఫొటో సైట్‌లో కనిపించకపోతే ముందు ఫైలు పేరు చూడండి. విండోస్ పెద్దక్షరాలకూ చిన్నక్షరాలకూ తేడా చూడదు, ఈ సర్వర్ చూస్తుంది. పేర్లన్నీ చిన్నక్షరాల్లోనే పెట్టుకుంటే ఆ బాధ ఉండదు. మార్పు చేశాక పాత పేజీయే కనిపిస్తున్నా కంగారు అక్కర్లేదు, బ్రౌజర్ దాన్ని 10 నిమిషాల దాకా దాచుకుంటుంది.

ఖర్చు పెట్టదగ్గది ఒక్కటే, సొంత డొమైన్, అంటే మీ పేరుతో కొనుక్కునే వెబ్ చిరునామా. రేపు హోస్టింగ్ మారినా చిరునామా మీ దగ్గరే ఉంటుంది. ఎక్కువమంది తడబడేది కూడా ఇక్కడే. ముందు పేజెస్ సెట్టింగ్స్‌లో డొమైన్ రాసి సేవ్ చేసి, ఆ తర్వాతే డీఎన్ఎస్ (డొమైన్ ఏ సర్వర్‌కి వెళ్లాలో చెప్పే రికార్డులు) జోలికి వెళ్లాలి. రూట్ డొమైన్‌కి (ముందు 'డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ' లేని పేరుకి) నాలుగు 'ఏ' రికార్డులు, అంటే సర్వర్ ఐపీ చిరునామా చెప్పేవి, కావాలి: 185.199.108.153, ఆపైన మూడో సంఖ్య 109, 110, 111గా మారేవి మరో మూడు. 'డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ'కి సీనేమ్ రికార్డు (ఒక పేరును ఇంకో పేరుకు మళ్లించేది) పెట్టి, విలువగా మీ గిట్‌హబ్.ఐఓ చిరునామా ఇవ్వాలి. దాని చివర రిపాజిటరీ పేరు తగిలించకూడదు. డొమైన్ అమ్మిన సంస్థ ముందే పెట్టి ఉంచిన పాత 'ఏ' రికార్డు ఉంటే తీసేయండి. అది ఉన్నంతకాలం సైటు ఒకసారి వస్తుంది, ఒకసారి రాదు. ఎంఎక్స్ రికార్డుల్ని మాత్రం ముట్టుకోవద్దు, అవి పోతే ఆ డొమైన్‌కి మెయిల్ రావడం ఆగిపోతుంది.

సైటును సురక్షితంగా తెరిచే హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్, లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సర్టిఫికెట్లిచ్చే సంస్థ నుంచి దానంతటదే వస్తుంది, ఒక్కోసారి 24 గంటలు పట్టొచ్చు. అప్పటికీ 'ఎన్‌ఫోర్స్ హెచ్‌టీటీపీఎస్' పెట్టె టిక్ చేయనివ్వకపోతే సీఏఏ రికార్డు (ఏ సంస్థలు సర్టిఫికెట్ ఇవ్వొచ్చో చెప్పే డీఎన్ఎస్ రికార్డు) లెట్స్ ఎన్‌క్రిప్ట్‌ని అడ్డుకుంటోందేమో చూసి, డొమైన్‌ని సెట్టింగ్స్‌లో తీసి మళ్లీ చేర్చాలి. బ్రాంచ్ (రిపాజిటరీలోని ఫైళ్ల ఒక ప్రతి) నుంచి పబ్లిష్ చేసేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. డొమైన్ సేవ్ చేయగానే రిపాజిటరీలో మీ డొమైన్ పేరున్న 'సీనేమ్' అనే ఫైలు (పైన చెప్పిన రికార్డు కాదు) పుడుతుంది. కొత్త డిజైన్ ఎక్కించేటప్పుడు అది చెరిగిపోతే డొమైన్ తెగిపోయి 404 (పేజీ దొరకలేదనే సందేశం) వస్తుంది.

దీని అసలు లోపం గోప్యత. ఉచిత ఖాతాలో రిపాజిటరీ పబ్లిక్‌గానే ఉండాలి, అంటే పేజీతో పాటు దాని చరిత్ర కూడా అందరికీ కనిపిస్తుంది. ఫోన్ నంబరున్న రెజ్యూమెను తర్వాత తొలగించినా పాత కమిట్‌లో (అప్పుడు సేవ్ చేసిన మార్పులో) అలాగే ఉంటుంది. ఎక్కించేముందే నంబరు, ఇంటి చిరునామా తీసేసిన ప్రతి వేరుగా తయారుచేసుకోవాలి. కమిట్లలో మీ ఈమెయిల్ కూడా బయటపడుతుంది. సెట్టింగ్స్‌లో ఈమెయిల్‌ని ప్రైవేట్‌గా ఉంచే ఆప్షన్ మొదటి రోజే ఆన్ చేసి, కంప్యూటర్‌లోని గిట్‌కి (మార్పుల్ని నమోదు చేసి ఎక్కించే ప్రోగ్రామ్‌కి) కూడా అక్కడిచ్చే, అసలు ఈమెయిల్‌ని దాచే నోరిప్లై చిరునామానే ఇవ్వాలి.

సైట్ పరిమాణానికి పరిమితి 1 జీబీ, బ్యాండ్‌విడ్త్‌కి (సందర్శకులకు వెళ్లే డేటాకి) నెలకు 100 జీబీ; వ్యక్తిగత పేజీకి ఇది ధారాళం. పీహెచ్‌పీ లాంటి సర్వర్ ప్రోగ్రాములు, డేటాబేస్ లేవు కనుక కాంటాక్ట్ ఫారం దానంతటది పనిచేయదు. ఈమెయిల్ లింకు పెట్టడమే మేలు. లింకు పంచుకున్నప్పుడు బొమ్మ రావాలంటే 1200×630 పిక్సెళ్ల చిత్రాన్ని పేజీ హెచ్‌టీఎంఎల్‌లో ఓపెన్ గ్రాఫ్ ట్యాగ్ (లింకు ప్రివ్యూకి సమాచారమిచ్చేది)లో ఇవ్వండి. లింక్డ్‌ఇన్ పాత బొమ్మనే చూపిస్తుంటే వాళ్ల పోస్ట్ ఇన్‌స్పెక్టర్‌లో ఆ లింకు ఒకసారి వేస్తే కొత్తది తీసుకుంటుంది.

ఖాతా సెట్టింగ్స్‌లో డొమైన్‌ని టీఎక్స్‌టీ రికార్డుతో (డీఎన్ఎస్‌లో పెట్టే చిన్న పాఠంతో) వెరిఫై చేసుకోవడం తప్పనిసరి అనే చెబుతాం. లేకపోతే, సైటు తీసేసి డీఎన్ఎస్ రికార్డులు వదిలేసినప్పుడు, వేరెవరో తమ రిపాజిటరీకి మీ డొమైన్ తగిలించుకుని మీ పేరు మీద పేజీ నడపగలరు. మూసేసేటప్పుడు ముందు ఆ రికార్డులు తీసి, తర్వాతే రిపాజిటరీ తొలగించండి.