పాత రిబ్బన్ మీద యూవీ వెలుగు: ఆరేళ్ల వాడకం తర్వాత

జర్మన్ సామ్రాజ్య కాలపు సైనిక పతకాలను, రిబ్బన్ బార్లను (పతకాల రిబ్బన్లను వరుసగా కుట్టిన పట్టీలను) పరిశీలించడానికి నేను ఆరేళ్లుగా 365 నానోమీటర్ల తరంగదైర్ఘ్యమున్న యూవీ (అతినీలలోహిత) టార్చి ఒకటి వాడుతున్నాను. కొన్న తొలి ఏడాది, అసలుకూ నకిలీకీ తేడా తేల్చడానికి ఇదొక్కటి చాలునని మిత్రులతో చెప్పాను. ఆ మాటను ఇప్పుడు కొంత సవరించుకోవలసి వస్తోంది.

దారాన్ని తెల్లగా కనిపించేలా చేసే ఆప్టికల్ బ్రైటెనర్లు రెండో ప్రపంచ యుద్ధం తర్వాతే నేతలోనూ సబ్బుపొడుల్లోనూ విరివిగా చేరాయి. అవి ఉన్న దారం యూవీ కాంతిలో నీలి తెలుపుగా వెలుగుతుంది, 1914 నాటి నూలు అలా వెలగదు. ప్రష్యా యుద్ధ పతకమైన ఐరన్ క్రాస్ రెండో తరగతి రిబ్బన్‌లో నలుపు పక్కన తెల్ల చారలు ఉంటాయి కనుక తేడా అక్కడ ఇట్టే తెలుస్తుంది. అంతకుముందు నా దగ్గరున్న 395 నానోమీటర్ల టార్చి తన ఊదా కాంతితోనే ఆ చారలను వెలిగించి నన్ను ఎన్నోసార్లు తికమక పెట్టింది. ఈ టార్చి ముందున్న నల్లని ఫిల్టరు గాజు ఆ ఊదాను ఆపేస్తుంది. నాకు దీనిలో అన్నిటికన్నా నచ్చినది ఆ గాజే.

నా అభిప్రాయం మారడానికి కారణం మ్యూనిఖ్‌లో మా పక్కింటి పెద్దావిడ చూపిన మెడల్ బార్, అంటే పతకాలు వరుసగా వేలాడే పట్టీ. అందులో ఆమె తాతగారి ఐరన్ క్రాస్, కత్తుల గుర్తున్న బవేరియా మిలిటరీ మెరిట్ క్రాస్, వాటి పక్కన కత్తుల గుర్తుతోనే హిండెన్‌బర్గ్ శిలువ (మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసినవారికి తర్వాత ఇచ్చిన పతకం) ఉన్నాయి. ఆ చివరిదాన్ని 1934 జూలై 13న నెలకొల్పారు కనుక, మొదటి రెండు పతకాలు ఆ యుద్ధకాలంలో వచ్చినవే అయినా, బార్‌ను ఈ రూపంలో కుట్టించింది మాత్రం ఆ తేదీ తర్వాతేనని టార్చి అవసరం లేకుండానే చెప్పగలిగాను. (పతకం వయసునే బార్ వయసుగా లెక్కించడం ఈ రంగంలో తరచూ కనిపించే పొరపాటు.) ఆ తర్వాత గది చీకటి చేసి టార్చి వేశాను. మూడు రిబ్బన్లలోని తెలుపూ ధగధగ వెలిగింది. రిబ్బన్లు రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మార్చినవై ఉంటాయని, బహుశా బార్ మొత్తం తర్వాత కూర్చినదేనని ఆమెతో అన్నాను. ఆమె ఏమీ అనకుండా దాన్ని గుడ్డలో చుట్టి తీసుకువెళ్లిపోయారు.

ఏడాది తర్వాత, వేరే బార్ ఒకటి శుభ్రం చేస్తూ, ఊడిన పాత రిబ్బన్ ముక్కను ఇంట్లోని సబ్బుపొడి నీళ్లలో ముంచి ఆరబెట్టాను. ఆ రాత్రి టార్చి కింద అది కొత్త రిబ్బన్‌లాగే వెలిగింది. మరునాడే పెద్దావిడ దగ్గరికి వెళ్లి, ఆ బార్‌ను ఎప్పుడైనా కడిగారా అని అడిగాను. వాళ్లమ్మగారు ప్రతి ఏటా క్రిస్మస్‌కు ముందు సబ్బునీటి గుడ్డతో దాన్ని తుడిచేవారట. ఈసారి రిబ్బన్ మడతను పుల్లతో మెల్లగా పైకెత్తి చూశాను: పైభాగమంతా వెలుగుతోంది, గుడ్డ చేరని మడత లోపల చీకటి, వెనుకనున్న ఉన్ని గుడ్డ, దాన్ని పట్టిన కుట్టుదారం కూడా వెలగలేదు. నేతలోనే బ్రైటెనర్ ఉంటే మడత లోపలా అంతే వెలుగు రావాలి. మొదటిసారే నేను ఆ మడత విప్పి చూసి ఉండవలసింది. ఆమెకు క్షమాపణ చెప్పాను; మ్యూనిఖ్‌లోని బవేరియా యుద్ధ అభిలేఖాగారంలో తాతగారి రెజిమెంటు సిబ్బంది పట్టికలు వెతకడంలో సాయపడ్డాను. ఆయన పేరు దొరికింది, యుద్ధకాలపు రెండు పతకాలూ ఆ పేరు ఎదురుగానే రాసి ఉన్నాయి.

వెలుగు కనిపించగానే నకిలీ అని తేల్చడం మానుకున్నాను. వెలగకపోయినా నమ్మకం కలగదు. పాత రిబ్బన్, పాత నూలుదారం సంపాదించి నిన్న కుట్టిన బార్ కూడా ఈ టార్చికి చీకటిగానే కనిపిస్తుంది. అందుకే ఇప్పుడు ముందుగా రిబ్బన్ల వరుస చూసి అది సామ్రాజ్యంలోని బవేరియా, ప్రష్యా వంటి రాజ్యాల్లో ఏ రాజ్యపు సైనికుడిదో ఊహిస్తాను, తర్వాత వెనుకవైపు కుట్టు చూస్తాను, టార్చి చివర తీస్తాను.

కొనమంటారా అని అడిగేవారికి నా పరిస్థితి కూడా చెప్పాలి. నేను బవేరియా పతకాలే ఎక్కువగా చూస్తాను, పైగా పేరు తెలిస్తే సరిచూసుకోవడానికి అభిలేఖాగారం మా ఊళ్లోనే ఉంది. ప్రష్యా సైన్యపు పత్రాలు 1945 ఏప్రిల్‌లో పోట్స్‌డామ్ మీద జరిగిన బాంబుదాడిలో చాలావరకు కాలిపోయాయి కనుక, ప్రష్యా బార్లు సేకరించేవారు వస్తువు మీదే ఎక్కువగా ఆధారపడాలి. వారికి ఈ టార్చి నాకన్నా ఎక్కువ అవసరం, మడత విప్పి చూసే ఓపిక అంతకన్నా ఎక్కువ అవసరం. పట్టపగలు సంతల్లో కొనేవారికి మాత్రం నల్లగుడ్డ వెంట లేకపోతే ఇది దాదాపు పనికిరాదు.