బయటి గోడకున్న ట్యాంక్‌లెస్ హీటర్: కరెంటు ఉన్నంతవరకే రక్షణ

నీళ్లు నిల్వ పెట్టుకోకుండా ట్యాప్ తిప్పగానే గ్యాస్‌తో కాచిచ్చే ఈ హీటర్‌కు వేడినీళ్ల వరకు వంక పెట్టలేను. ఇంట్లో ఎంతమంది వరసగా స్నానాలు చేసినా నీళ్లు చల్లబడవు. అయితే చలికాలంలో సిటీ నీళ్లే బాగా చల్లగా వస్తాయి కాబట్టి రెండు షవర్లు ఒకేసారి తిప్పితే ధార సన్నబడుతుంది.

నా కోపమంతా ‘ఫ్రీజ్ ప్రొటెక్షన్’ మీదే, అంటే లోపలి నీళ్లు గడ్డకట్టకుండా కాపాడే ఏర్పాటు మీద. డాలస్ చుట్టుపక్కల చాలా ఇళ్లలో బిల్డర్లు ఈ యూనిట్‌ను బయటి గోడకే బిగిస్తారు. లోపలి గొట్టాలను వెచ్చగా ఉంచే చిన్న హీటర్లు నడిచేది గ్యాస్‌తో కాదు, కరెంటుతో. 2021 ఫిబ్రవరి 16న డాలస్‌లో మైనస్ 2 ఫారెన్‌హీట్‌కు, అంటే మైనస్ 19 సెల్సియస్‌కు పడింది. టెక్సస్‌లో లక్షల ఇళ్లకు కరెంటు లేనిదీ ఆ రోజుల్లోనే. నీళ్లు గడ్డకడితే 9 శాతం దాకా ఉబ్బుతాయి, హీట్ ఎక్స్ఛేంజర్‌లోని (మంట వేడిని నీళ్లకెక్కించే భాగం) పల్చటి రాగి గొట్టం చీలిపోతుంది. చీలిన సంగతి అప్పుడు తెలియదు. మంచు కరిగాక యూనిట్ అడుగు నుంచి నీళ్లు కారితేనే తెలుస్తుంది. గడ్డకట్టి పగిలినదానికి మామూలుగా వారంటీ వర్తించదు.

ఇంట్లో కరెంటు ఉన్నా ఇదే జరగొచ్చు. బయటి ప్లగ్‌కు జీఎఫ్‌సీఐ, అంటే కరెంటు లీకైతే ఆపేసే స్విచ్, ఉంటుంది. వానచెమ్మకు అది ట్రిప్ అయితే యూనిట్ చప్పుడు లేకుండా ఆగిపోతుంది. రీసెట్ బటన్ ఒక్కోసారి గ్యారేజీలోని వేరే ప్లగ్ మీద ఉంటుంది. చలి హెచ్చరిక రాగానే ఇంట్లో ఉండే కంట్రోలర్ వెలుగుతోందో లేదో చూడండి.

కరెంటు పోతే ఆలస్యం చేయకుండా నీళ్లు తీసేయాలి. ముందు గ్యాస్ వాల్వ్ కట్టేయండి, పిడి పైపుకు అడ్డంగా తిరగాలి. తర్వాత చల్లనీళ్ల వాల్వ్‌తో పాటు వేడినీళ్ల వాల్వ్ కూడా మూయండి. ఇది చాలామంది వదిలేస్తారు. మిక్సర్ ట్యాప్ మధ్యలో తెరిచి ఉంటే చల్లనీళ్లు వేడి లైన్లోకి దూరి మళ్లీ యూనిట్‌లోకే వస్తాయి. ఇక రెండు డ్రెయిన్ మూతలూ విప్పాలి, ఒకదాంట్లో గాలి వెళ్తేనే రెండోదాంట్లోంచి నీళ్లు దిగుతాయి. దిగే నీళ్లకు బకెట్ కూడా నిండదు. ధార ఆగకపోతే ఏదో వాల్వ్ పూర్తిగా పట్టలేదన్నమాట. చివరగా చల్లనీళ్లు లోపలికొచ్చే చోటున్న ఇన్‌లెట్ ఫిల్టర్ బయటికి తీయండి, అక్కడ నిలిచే గుక్కెడు నీళ్లు చాలు పగలడానికి. వేడినీళ్లను పైపుల్లో తిప్పే సర్క్యులేషన్ పంపున్న మోడల్‌కు వేరే డ్రెయిన్ ఉంటుంది, అదీ విప్పాలి.

వాల్వులకూ గోడకూ మధ్య పైపు ముక్కలో మాత్రం నీళ్లుంటాయి. దానికి ఫోమ్ చుట్టాలి. కరెంటు గంటల తరబడి రాకపోతే ఇంటి నీళ్ల మెయిన్ వాల్వ్ కట్టేసి ట్యాపులు తెరిచిపెట్టాలి.

మళ్లీ మొదలుపెట్టేటప్పుడు గ్యాస్ చివర్న. చల్లనీళ్ల వాల్వ్ మెల్లగా తిప్పి, కింద చుక్క పడట్లేదని చూసుకున్నాకే.

హీటర్ గ్యారేజీలో ఉన్నవాళ్లకు ఈ బెడద చాలావరకు తక్కువ, నిశ్చింతగా కొనొచ్చు. బయటి గోడే గతైతే, చలి రాత్రి ఎవరో ఒకరు ఇంట్లో ఉండేట్టయితేనే కొనమంటాను. సంక్రాంతికి ఇండియా వెళ్లేవాళ్లు బయల్దేరేముందే నీళ్లు తీసేయాలి, లేదా కరెంటు పోగానే దానంతటదే నీళ్లు వదిలేసే సోలినాయిడ్ వాల్వ్ కిట్ పెట్టించాలి. ఆ కిట్ ఎండాకాలం కరెంటు పోయినా నీళ్లు వదిలేస్తుంది.