22వ నంబరు ఫారం, 74వ సెక్షన్: ఏళ్ల తరబడి వాడాక మా సమీక్ష

డాక్టర్లకు, నర్సులకు, వకీళ్లకు కౌన్సిళ్లున్నాయి. పేరు నమోదు చేసుకోవాలి, తప్పు చేస్తే ఆ నమోదే పోతుంది. సోషల్ వర్కర్లందరికీ వర్తించే అలాంటి కౌన్సిల్ మన దేశంలో లేదు. 2021 నాటి అలైడ్ హెల్త్‌కేర్ వృత్తుల చట్టం ఆస్పత్రుల్లో పనిచేసే మెడికల్, సైకియాట్రిక్ సోషల్ వర్కర్లను లెక్కలోకి తీసుకుంది. దేవరకొండ తండాల్లో, గద్వాల పత్తి విత్తన చేలల్లో పిల్లల కోసం తిరిగే ఔట్‌రీచ్ వర్కర్‌కు మాత్రం నడవడి నియమాలంటే 2015 బాల న్యాయ చట్టం, 2016 నమూనా నిబంధనలు, వాటిలోని 22వ నంబరు ఫారం. రక్షణ అవసరమైన పిల్లల మీద సామాజిక విచారణ నివేదిక రాసేది ఆ ఫారంలోనే. ఆఫీసులో అందరూ ఎస్ఐఆర్ అంటారు.

ఫారం మంచిది. కుటుంబం, ఆదాయం, చదువు, ఆరోగ్యం, హింస, అన్నీ వరసగా అడుగుతుంది. మనం చూసినవి, విన్నవి ముందు రాయించి మన అభిప్రాయాన్ని చివరికి ఉంచుతుంది. మాకు బాగా నచ్చింది తల్లిదండ్రుల సంబంధం దగ్గరుండే మూడు గడులు: సఖ్యంగా ఉన్నారు, లేరు, తెలియదు. చాలామంది కళ్లు మూసుకుని మొదటి గడిలో టిక్కు పెడతారు. పాలమూరు నుంచి వలస పోయిన ఇంట్లో అవ్వ ఒక్కతే దొరికినప్పుడు నిజాయితీ గల జవాబు 'తెలియదు' ఒక్కటే. సఖ్యత ఉందని రాస్తే, బిడ్డ ఎక్కడుండాలో తేల్చే బాలల సంక్షేమ సమితి బిడ్డను అదే ఇంటికి పంపవచ్చు.

విచారణకు చట్టం ఇచ్చింది 15 రోజులు. విచారణ చేయమన్న సమితి ఆర్డరు కాపీ చేతికందేసరికే కొన్ని రోజులు పోతాయి, మిగిలిన రోజుల్లో ఊరికి పోయే బదులు ఫోన్ చేసి నింపేస్తారు. అలా నింపిన ఎస్ఐఆర్ చూడగానే తెలిసిపోతుంది: ఆదాయం గుండ్రటి అంకె, ఇంటి గురించి ఒక్క లైను, పక్కింటివాళ్ల మాట అసలుండదు. కనీసం రెండుసార్లు పోవాలి. ఒకసారి కూలి నుంచి తిరిగొచ్చే సాయంత్రం పోతే పెద్దవాళ్లు దొరుకుతారు, ఇంకోసారి బడికి పోతే బిడ్డ ఒంటరిగా మాట్లాడుతుంది. సర్పంచ్ అరుగు మీద కూర్చోబెట్టి అడిగితే బిడ్డ నోరు విప్పదు. లంబాడీ మాట అర్థం కాకపోతే అనువాదానికి ఆ ఇంటి చుట్టాన్ని పిలవొద్దు. పక్క తండా అంగన్‌వాడీ టీచర్ మేలు.

అన్నిటికన్నా ఎక్కువగా దెబ్బతినేది బాల న్యాయ చట్టంలోని 74వ సెక్షన్. బిడ్డ పేరు, చిరునామా, బడి, గుర్తుపట్టే ఏ వివరమూ ఏ రూపంలోనూ బయటికి రాకూడదు. ఉల్లంఘిస్తే ఆరు నెలల దాకా జైలు, 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. అంత కఠినంగా ఉన్నా మండల వాట్సాప్ గ్రూపుల్లో 'ఈ రోజు కాపాడిన బాలిక' అని ఫొటోలు వస్తూనే ఉంటాయి. ఉద్దేశం చెడ్డది కాదు, పై అధికారికి పని చూపించాలన్న ఆత్రం. ముఖం మసక చేస్తే చాలనుకోవడం పెద్ద పొరపాటు. తండా పేరు, తరగతి రాస్తే ఆ ఊరికి ఆ పిల్ల ఎవరో తెలిసిపోతుంది. గ్రూపులో కేసు నంబరు, 'హాజరు పరిచాం' అన్న ఒక్క మాట చాలు. ఫొటో ఫైల్లోనే ఉండాలి. ఫోన్ గ్యాలరీలో, దాని బ్యాకప్‌లో కూడా చెరిపేయాలి. రెండోది అందరూ మరిచిపోతారు.

పెంచలేక బిడ్డను సమితికి అప్పగిస్తామని వచ్చిన తల్లి విషయంలో 35వ సెక్షన్ చాలా మానవీయంగా ఉంది. విచారణ, కౌన్సెలింగ్ అయ్యాకే అప్పగింత పత్రం, ఆ తర్వాత కూడా మనసు మార్చుకోవడానికి రెండు నెలల గడువు. ఆ రెండు నెలలూ తల్లిని ఒప్పించడం గానీ, దత్తతను పొగడడం గానీ మన పని కాదు. పెంచుకోవాలనుకునేవాళ్ల ఫోన్ నంబరు ఆమెకు ఇస్తే అది సాయం కాదు, బిడ్డ అమ్మకానికి తలుపు తెరవడమే. 81వ సెక్షన్ కింద బిడ్డను అమ్మినా కొన్నా అయిదేళ్ల దాకా కఠిన కారాగారం.

ఇక లోటు. సొంత చుట్టాల కేసు వస్తే ఏం చేయాలో ఫారంలో గడి లేదు. బాల్యవివాహం ఆపడానికి పోయినవాడు చివరి బస్సు తప్పిపోయి పెళ్లికొడుకు వాళ్ల బండెక్కితే, వాడి నివేదికను ఎవరు నమ్ముతారు? బండి ఖర్చు ఇవ్వకుండా నిష్పాక్షికత అడగడం న్యాయం కాదు. సంచెడు పల్లికాయ పుచ్చుకున్న కాంట్రాక్టు ఉద్యోగిని తీసేయొచ్చు, కానీ అతను పక్క జిల్లాలో చేరకుండా ఆపే రిజిస్టర్ లేదు. ఇంగ్లండ్‌లో 2019 డిసెంబరు నుంచి సోషల్ వర్క్ ఇంగ్లండ్ అనే సంస్థ ఆ రిజిస్టర్ నడుపుతోంది. పేరు కొట్టేస్తే సోషల్ వర్కర్‌గా పనిచేసే హక్కే ఉండదు.

మనకు అది వచ్చేదాకా ఎస్ఐఆర్ చివర చేత్తో మూడు లైన్లు రాసి సంతకం పెట్టండి: ఈ కుటుంబంతో నాకు చుట్టరికం ఉందా లేదా, ఊరికి ఏ బండిలో పోయాను, బిడ్డతో మాట్లాడినప్పుడు పక్కన ఎవరున్నారు.