డాస్‌బాక్స్ ఏళ్ల తరబడి వాడాక: బాగా పాత గేమ్‌లకన్నా నడివయసు గేమ్‌లతోనే తంటా

గేమ్ ఎంత పాతదైతే ఇవాళ్టి కంప్యూటర్‌లో దానిని నడిపించడం అంత కష్టమని చాలామంది అనుకుంటారు. విండోస్‌కు ముందటి ఆపరేటింగ్ సిస్టమ్ అయిన డాస్ కోసం రాసిన గేమ్‌లను నేటి కంప్యూటర్లలో నడిపించే డాస్‌బాక్స్ అనే ప్రోగ్రామ్‌ను ఏళ్ల తరబడి వాడిన నాకు అనుభవంలోకి వచ్చినది దాదాపు తలకిందులుగా ఉంది. 1990లో డాస్ కోసం వచ్చిన ప్రిన్స్ ఆఫ్ పర్షియా నా విండోస్ 11 ల్యాప్‌టాప్‌లో క్షణాల్లో మొదలవుతుంది. 1990ల చివర, 2000ల మొదట్లో విండోస్ కోసం వచ్చిన గేమ్‌లే ఒక్కోటి ఒక్కో పూటను మింగేస్తాయి.

64 బిట్ల విండోస్‌లో 16 బిట్ల ప్రోగ్రాములను నడిపే ఏర్పాటే లేదు కాబట్టి, పాత డాస్ గేమ్‌పై డబుల్ క్లిక్ చేస్తే అది ఈ పీసీలో నడవదన్న సందేశం తప్ప ఇంకేమీ రాదు. 2002లో తొలిసారి విడుదలై, నేటికీ ఉచితంగానే దొరుకుతున్న డాస్‌బాక్స్ ఆ పేచీ జోలికే పోకుండా ప్రాసెసర్‌ను, బొమ్మ చూపే వీజీఏ కార్డును, శబ్దం వినిపించే సౌండ్ బ్లాస్టర్ కార్డును, ఆఖరికి డాస్‌ను కూడా సాఫ్ట్‌వేర్‌తోనే అనుకరించి, గేమ్ ముందు దాని కాలపు కంప్యూటర్‌ను నిలబెడుతుంది. కింద విండోస్ మారినా, మనమే లినక్స్‌కు మారినా, గేమ్‌కు కనిపించే యంత్రం మాత్రం అదే. ఒక్కో గేమ్‌కు నేను రాసిపెట్టుకున్న కాన్ఫిగ్ (సెట్టింగుల) ఫైళ్లు ఒక కంప్యూటర్ నుంచి మరొక కంప్యూటర్‌కు కాపీ అవుతూ, ఒకటి రెండు అంకెల మార్పుతో ఇప్పటికీ పనిచేస్తున్నాయి.

మొదటిసారి తెరిచినవారికి మాత్రం ఇది స్నేహపూర్వకంగా కనిపించదు. ఎదురయ్యేది నల్లని కిటికీ, జెడ్ డ్రైవ్ పక్కన మినుకుమినుకుమనే కర్సర్, అంతే. మౌంట్ ఆదేశంతో గేమ్ ఉన్న ఫోల్డర్‌ను సీ డ్రైవ్‌గా చూపించి, అక్కడికి వెళ్లి, గేమ్ పేరు టైపు చేయాలి. మన ఊళ్లలోని కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లలో డాస్ ఆదేశాలు నేర్చుకుని, సార్ పక్కకు వెళ్లగానే డేవ్ గేమ్ తెరిచిన తరానికి ఇది కొట్టినపిండి. మౌస్‌తోనే పెరిగినవారికి ఒక గంట ఓపిక కావాలి.

ఎక్కువ శ్రద్ధ పెట్టవలసినది వేగం దగ్గర. ఆ కాలపు గేమ్‌లలో కొన్ని గడియారాన్ని చూడకుండా ప్రాసెసర్ ఎంత వేగంగా పరుగెత్తితే తామూ అంత వేగంగా పరుగెత్తేలా రాసినవి. డాస్‌బాక్స్‌లో ఈ పగ్గం సైకిల్స్ అనే సెట్టింగ్ చేతిలో ఉంటుంది. డాస్‌బాక్స్ 0.74 వెర్షన్ల వరుసలో దానిని ఆటోకు వదిలేస్తే రియల్ మోడ్ (ప్రాసెసర్ పాత పద్ధతి) గేమ్‌లకు 3000 సైకిళ్లు, ప్రొటెక్టెడ్ మోడ్ (తరువాతి పద్ధతి) గేమ్‌లకు మన ప్రాసెసర్ ఇవ్వగలిగినంత ఇస్తుంది. ప్రిన్స్‌కు ఆ 3000 చక్కగా సరిపోతాయి. వింగ్ కమాండర్‌కు ఉదారంగా ఇచ్చామా, శత్రువుల నౌకలు గురి చూసేలోపే తెర దాటిపోతాయి. కంట్రోల్‌తో ఎఫ్11 నొక్కితే వేగం తగ్గుతుంది, ఎఫ్12 నొక్కితే పెరుగుతుంది. గేమ్ నడుస్తుండగానే సర్దుకుని, బాగున్న అంకెను కిటికీ పైపట్టీలో చూసి కాన్ఫిగ్ ఫైల్‌లో రాసుకోవడం నా పద్ధతి. చాలా ల్యాప్‌టాప్‌లలో ఎఫ్ఎన్ మీటను కూడా కలపకపోతే మారేది గేమ్ వేగం కాదు, స్పీకర్ శబ్దమో తెర వెలుతురో!

శబ్దం విషయంలో ఒక్క అంకె గుర్తుంటే చాలు. గేమ్ సౌండ్ కార్డును వెతుక్కునే చిరునామాల్లాంటివి పోర్టు, ఐఆర్‌క్యూ, డీఎంఏ; డాస్‌బాక్స్ తన సౌండ్ బ్లాస్టర్‌ను పోర్టు 220, ఐఆర్‌క్యూ 7, డీఎంఏ 1 వద్ద పెడుతుంది. చాలా గేమ్‌ల సెటప్ ప్రోగ్రాములు ఐఆర్‌క్యూను 5 అని ఊహించుకుంటాయి. సంగీతం వస్తూనే మాటలు, తుపాకీ మోతలు రాకపోతే ముందు చూడవలసినది ఆ 5నే.

బొమ్మ సంగతి ఇంకా సూక్ష్మమైనది. 320 బై 200 చుక్కల చిత్రాన్ని అప్పటి 4:3 మానిటర్లు నిలువునా సాగదీసి చూపేవి, చిత్రకారులు ఆ సాగుదలను దృష్టిలో పెట్టుకునే గీసేవారు. 0.74 వరుసలో ఆస్పెక్ట్ అనే సెట్టింగ్ మొదట ఆపివేసి ఉంటుంది కాబట్టి ముఖాలు అణిగినట్టు, గుండ్రని నాణేలు కోలగా కనిపిస్తాయి. దానిని ట్రూగా మార్చకుండా ఆడేవారిని చూస్తే నాకు ఇప్పటికీ మనసు ఒప్పదు.

అసలు శాఖలో 2010 నాటి 0.74 తరువాత దిద్దుబాట్లే తప్ప పెద్ద మార్పులేవీ రాలేదు. 2019లో వచ్చిన 0.74-3 కూడా అలాంటిదే. అందువల్ల కొత్తగా మొదలుపెట్టేవారికి నేను దాని నుంచి చీలిన డాస్‌బాక్స్ స్టేజింగ్‌ను సూచిస్తాను. ఆస్పెక్ట్ సవరణ అందులో ముందే అమలులో ఉంటుంది, పాత గాజు మానిటర్ గీతలను అనుకరించే షేడర్లూ ఉన్నాయి. గేమ్ మధ్యలో ఎక్కడంటే అక్కడ స్థితిని భద్రపరచుకోవాలనుకునేవారికి, విండోస్ 95ను లోపల ఇన్‌స్టాల్ చేసుకోవాలనుకునేవారికి డాస్‌బాక్స్ ఎక్స్ మేలు, కానీ దాని మెనూలలో దారి తప్పడం చాలా తేలిక.

ఇక డాస్‌బాక్స్ చేతులెత్తేసే చోటు విండోస్ గేమ్‌లు. ఆ కాలపు గేమ్ 32 బిట్లదైనా, దాని ఇన్‌స్టాలర్ 16 బిట్లదై సీడీ దగ్గరే కథ ఆగిపోవడం మామూలే. 256 రంగుల పాలెట్‌తో నడిచే ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 విండోస్ 7లో పచ్చికను ఊదారంగులోనో ఎర్రగానో చూపించేది. టాస్క్ మేనేజర్‌లో ఎక్స్‌ప్లోరర్‌ను మూసేసి ఆడుకోవడమే అప్పట్లో అందరి నోటా నలిగిన ఉపాయం. సేఫ్‌డిస్క్ అనే కాపీ నిరోధక రక్షణ ఉన్న సీడీల పరిస్థితి మరీ దారుణం, ఎందుకంటే దానికి కావలసిన డ్రైవర్‌ను భద్రతా కారణాలతో విండోస్ 10 నుంచి తీసేశారు. డబ్బు పెట్టి కొన్న అసలు సీడీ డ్రైవ్‌లో తిరుగుతూనే ఉంటుంది, గేమ్ తెరుచుకోదు.

ఈ వర్గానికి నేను వాడేది డీజీవూడూ 2 అనే ప్రోగ్రామ్. బొమ్మ గీయమని గేమ్‌లు పంపే పాత డైరెక్ట్‌ఎక్స్ పిలుపులను, అప్పటి 3డీఎఫ్‌ఎక్స్ గ్రాఫిక్స్ కార్డుల గ్లైడ్ పిలుపులను అది నేటి డైరెక్ట్3డీ 11కో 12కో మార్చి ఇస్తుంది. డీడ్రా, డీ3డీఇమ్ అనే రెండు డీఎల్ఎల్ ఫైళ్లను గేమ్ ఫోల్డర్‌లోకి కాపీ చేసి తెరిస్తే, తెర మూలన దాని చిన్న ముద్ర కనిపించాలి. ముద్ర కనబడితే ఫైళ్లు సరైన చోటే పడ్డట్టు; తరువాత కంట్రోల్ ప్యానెల్‌లో దానిని ఆపుకోవచ్చు. ముద్రే రాకపోతే మిగతా సెట్టింగులు ఎన్ని మార్చినా శ్రమ దండగ. ఇది డాస్‌బాక్స్ లాగా యంత్రం మొత్తాన్ని కల్పించదు, బొమ్మ గీసే పనిని మాత్రమే చక్కదిద్దుతుంది. ఇన్‌స్టాలర్, సీడీ రక్షణ తంటాలు అలాగే మిగులుతాయి కాబట్టి విండోస్ గేమ్‌లకు అన్నిటికీ పనికొచ్చే ఒకే మందు ఇంతవరకూ నాకు దొరకలేదు.

సీడీలతో కుస్తీ వద్దనుకునేవారు ఆన్‌లైన్ గేమ్ దుకాణం జీఓజీలో కొనుక్కోవచ్చు. అక్కడి డాస్ గేమ్‌లలో చాలావాటికి డాస్‌బాక్స్ లోపలే అమర్చి వస్తుంది. దానితో పాటు వచ్చే సెట్టింగులు నచ్చకపోతే, ఇన్‌స్టాల్ అయిన ఫోల్డర్‌నే స్టేజింగ్‌లో మౌంట్ చేసుకుని మన కాన్ఫిగ్‌తో నడుపుకోవచ్చు. నా దగ్గరున్న డాస్ గేమ్‌లలో ఎక్కువ భాగాన్ని ఇప్పుడు అలాగే ఆడుతున్నాను.