కారు షెడ్డు మారుస్తానని నా పైపులే మార్చేశాడు, జాగ్రత్త

వైజాగ్ ఆటోనగర్ వైపు గేట్లు, షెడ్లు చేసే ఆ వెల్డింగ్ షాపాయన గురించే రాస్తున్నా. ఆనందపురం, పెందుర్తి, సబ్బవరం చుట్టుపక్కల కోళ్లకో మేకలకో షెడ్డు వేయించుకున్నవాళ్లకి ఆయన తెలిసే ఉంటాడు, వీడియోల్లో 'రైతన్నలకి స్పెషల్ రేటు' అంటూ నవ్వుతాడే, ఆయనే. పేరు రాస్తే అదో కొత్త తలనొప్పి, మీరే అర్థం చేసుకోండి.

ఆనందపురం దగ్గర మా స్థలంలో పాత కారు షెడ్డు ఉంది. ఆరు పోస్టులు, పైన రేకులు, చుట్టూ ఖాళీ. కారు అమ్మేశాం కదా, దాన్నే మేకల షెడ్డు చేసుకుందాం, ఓ డజను మేకలకి బాగానే సరిపోతుంది అనుకున్నా. పెద్ద మేకకి పది పన్నెండు చదరపు అడుగులు ఉంటే చాలు, మాది రెండొందల అడుగులు. నేను అడిగిందల్లా పోస్టుల ఎత్తు పెంచమని, లోపల మూడడుగుల ఎత్తున బద్దల ప్లాట్‌ఫారం వేయమని, దాని మీద మూడడుగుల వరకు రేకు కట్టి ఆపైన మెష్ పెట్టమని.

"మీ దగ్గర సింగిల్ ఫేజ్ సార్, మిషన్ లాగదు, పోస్టులు షాపుకి పట్టుకెళ్లి అతుకులేసి తెస్తాం" అన్నాడు. సరే అన్నా. వాళ్ల కుర్రాళ్లు నా పైపులు బండికెక్కిస్తుంటే నేను కూడా ఓ చెయ్యేసి, ఎండలో పాపం కష్టపడుతున్నారని మజ్జిగ కూడా ఇప్పించాను. దొంగకి నిచ్చెన పట్టుకోవడం అంటే ఏమిటో ఇప్పుడు తెలిసింది. పోస్టులు తిరిగొచ్చాయి, బూడిద రంగు పెయింట్ తళతళా మెరుస్తోంది. బిగించేశారు. ముప్పావు వంతు డబ్బు అప్పటికే ఇచ్చేశాను.

మెష్ పెట్టలేదు. "కుక్కలు దూరతాయి సార్" అని మూడు పక్కలా పైకప్పు దాకా రేకు కొట్టేసి, తలుపు ఉన్న తూర్పు వైపు మాత్రం వదిలేశాడు. తూర్పు అంటే మనకి సముద్రం గాలి వచ్చే వైపు. నాలుగు పక్కలా తెరిచున్న షెడ్డులో గాలి ఇటొచ్చి అటు పోతుంది, అదే మూడు పక్కలు మూసేస్తే లోపలికొచ్చిన గాలికి దారి లేక కప్పుని పైకి ఎత్తుతుంది, పైనుంచి వెళ్లే గాలి కూడా రేకుని పైకే లాగుతుంది. కారు షెడ్డు ఫ్రేము దానికి తట్టుకునేలా కట్టింది కాదు. ఇదంతా షెడ్డు పడిపోయాక పక్క స్థలం బాబాయ్ గారు చెప్పారు, ఆయన స్టీల్ ప్లాంట్‌లో చేసి రిటైరయ్యారు. ఇక లోపల వాసన సంగతి చెప్పక్కర్లేదు, పొద్దున్నే తలుపు తీస్తే మూత్రం ఘాటుకి కళ్లు మండేవి. ప్లాట్‌ఫారం బద్దల మధ్య సందు అరంగుళం ఉండాల్సింది, బొటనవేలు దూరేంత వదిలాడు, ఓ పిల్ల కాలు ఇరుక్కుని ఇప్పటికీ కుంటుతోంది.

మొన్న అల్పపీడనం గాలికి మూడు రేకులు లేచిపోయాయి, తూర్పు వైపు రెండు పోస్టులు తోటకూర కాడల్లా వంగిపోయాయి. తుఫాను కూడా కాదండీ. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వైజాగ్‌ని ఊడ్చేసినప్పుడు ఇదే షెడ్డు రేకులు ఎగిరిపోయాయి గానీ ఒక్క పోస్టు కూడా పక్కకి వాలలేదు. మరి ఇప్పుడేమైంది? అక్కడే అనుమానం వచ్చింది.

వంగిన పోస్టు దగ్గర నిలబడి చూస్తుంటే తట్టింది. ఈ మూల పోస్టుకి మోకాలి ఎత్తులో ఒక సొట్ట ఉండాలి, రివర్స్‌లో నా బంపర్ తగిలి పడిన సొట్ట, మా ఆవిడ ఏళ్ల తరబడి నన్ను దెప్పిన సొట్ట. లేదు. మిగతా అయిదూ వేలితో తడిమి చూశా, ఎక్కడా లేదు. బాబాయ్ గారు మందం కొలిచే వెర్నియర్ తెచ్చి, వంగిన చోట చిరిగిన అంచు దగ్గర పెయింట్ గీకి కొలిచారు, 1.2 ఎంఎం, అంటే 18 గేజ్ (గేజ్ నంబరు పెరిగేకొద్దీ పైపు పలచన). మా పాతవి రెండంగుళాల పైపులు, 14 గేజ్, అంటే 2 ఎంఎం. 20 అడుగుల పైపు ఒకటి దాదాపు 18 కిలోలు తూగాలి, ఈ 18 గేజ్ అయితే 11 కిలోలు. ఆ తేడా ఎవరి జేబులోకి వెళ్లిందో చెప్పక్కర్లేదు.

అప్పటికప్పుడు బండి తీసి షాపుకి వెళ్లా. ముందు వరసలో ఎవరిదో గేటు తయారవుతోంది, దానికి స్తంభంగా నిలబెట్టి ఉంది నా పైపు. రంగు వేయలేదింకా. సొట్ట నన్నే చూస్తోంది. "ఇది నాది" అన్నా. వెల్డింగ్ అద్దం కూడా తీయకుండా "పైపులన్నీ ఒకేలా ఉంటాయండీ" అన్నాడు. సొట్ట చూపించా, ఫోన్‌లో పాత ఫోటో చూపించా, కారు పక్కన అదే పోస్టు. అప్పుడు అద్దం ఎత్తి, నన్ను చూసి, పక్కనున్న కుర్రాళ్లకి వినపడేలా అన్నాడు, "ఏటండీ బాబూ, మేకలకి ఇంతకన్నా ఏటి కావాలి? మీరేటైనా పడుకుంటారేటి అందులో?" కుర్రాళ్లు నవ్వారు. నా మజ్జిగ తాగిన కుర్రాళ్లే.

పైపులు పోతే పోయాయి, ఆ నవ్వు మాత్రం రాత్రి పడుకుంటే చెవిలో వినిపిస్తోంది. పైగా నిన్న బ్యాలెన్స్ ఎప్పుడు వేస్తారని మెసేజ్ పెట్టాడు, చివర దండం బొమ్మ కూడా.

1915కి, అదే వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి, ఫోన్ చేశా. జిల్లా కమిషన్‌లో అయిదు లక్షల లోపు కేసులకి ఫీజు లేదు, వేస్తున్నా. కాకపోతే నా దగ్గరున్న బిల్లు తెల్ల కాగితం మీద పెన్నుతో రాసిచ్చింది, గేజ్ ఎంతో అందులో లేదు. ఉన్నదల్లా ఆ ఫోటోలు, చాట్లు, డబ్బు పంపిన ఫోన్‌పే వివరాలు.

మీరు ఎవరికైనా ఇలాంటి పని ఇస్తే పైపులు బయటికి పంపకండి, తప్పదంటే ప్రతిదానికీ పంచ్ మార్కు కొట్టి, వేబ్రిడ్జిలో తూకం వేయించి చీటీ తీసుకోండి. బిల్లు మీద గేజ్ రాయించండి. మూడు పక్కలా మూసేయనివ్వకండి, కప్పు కింద అడుగైనా ఖాళీ ఉండాలి. జింక్ పూత ఉన్న పైపులైతే వెల్డింగ్ పడ్డ చోట ఆ పూత కాలిపోతుంది, మన ఉప్పు గాలికి అక్కడే ముందు తుప్పు పడుతుంది, జింక్ పెయింట్ వేయించండి.

తగరపువలస, కొత్తవలస వైపు సైట్‌కే వచ్చి పని చేసే మంచి వెల్డర్ ఎవరైనా తెలిస్తే చెప్పండి, జనరేటర్ ఖర్చు నేనే పెట్టుకుంటా. మేకలు ప్రస్తుతం మా బావమరిది వాళ్ల పాకలో ఉన్నాయి, చెల్లెమ్మ మొహం చూస్తే ఎక్కువ రోజులు ఉంచేలా లేదు.