గంటల లెక్కన బిల్లు, కంట్రోల్ డెక్‌తో ఆట

విశాఖలో సిరిపురం దగ్గర మేడమీద ఒక గేమ్ కేఫ్ ఉంది. పేరు రాయను, కొంచెం తిట్టాల్సింది కూడా ఉంది కాబట్టి. మనిషికి గంటకు 120 రూపాయలు, డెక్ వాళ్లే ఇస్తారు. మ్యాజిక్ ద గ్యాదరింగ్ అనే కార్డుల ఆట నేర్చుకుందామని మా బావమరిది పోయిన ఆదివారం లాక్కెళ్లాడు. ఎర్ర డెక్ వాడు ముందే లాగేసుకున్నాడు. నాకు మిగిలింది తెలుపు, నీలం కలిసిన కంట్రోల్ డెక్.

కంట్రోల్ అంటే ఎదుటివాణ్ణి ముందు ఆడనివ్వడం. వాడు దించినదానికల్లా కాకుండా, అవసరమైనదానికే జవాబు చెప్పడం. వాడి చేతిలో ముక్కలు అయిపోయాక మనం మొదలుపెట్టడం. రమ్మీలో మా అమ్మమ్మ ఇలాగే కూర్చునేది, జోకర్ చేతిలో ఉన్నా మొహంలో తెలిసేది కాదు.

నాకా ఓపిక లేదు. మొదటి ఆటలో వాడు చిన్న గోబ్లిన్లు దించుతుంటే ఒక్కోదానికీ ఒక్కో కౌంటర్‌స్పెల్ (ఎదుటివాడి కార్డుని దిగకుండా ఆపేది) వేసి తెగ సంబరపడ్డాను. మూడు అయిపోయాయి. ఆరు ల్యాండ్లు (మిగతా కార్డులు దించడానికి కావాల్సిన మనా ఇచ్చే కార్డులు) రాగానే వాడు షివన్ డ్రాగన్‌ని దించాడు. నా చేతిలో ల్యాండ్లు తప్ప ఏమీ లేవు. పావుగంటలో ఆట ముగిసింది.

కౌంటర్ దగ్గరి కుర్రాడు చూస్తూ ఉండి వచ్చాడు. "గోబ్లిన్ కొడితే కొట్టనీయండి సార్. మీకు 20 లైఫ్ పాయింట్లు ఇచ్చింది ఖర్చు పెట్టుకోవడానికే. కౌంటర్‌స్పెల్ డ్రాగన్‌కి దాచండి" అన్నాడు. ఈ ఒక్క మాటకే 120 రూపాయలు చెల్లిపోయాయి.

రెండో ఆటలో ఇంకో తంటా. మూడు ల్యాండ్ల దగ్గర ఆగిపోయాను, చేతిలో అన్నీ నాలుగు, ఐదు మనా కార్డులే. అనుమానమొచ్చి డెక్ లెక్కపెడితే 60లో ల్యాండ్లు 22. ముందు ఆడేవాడు తన వంతు నాలుగోసారి వచ్చేసరికి 10 కార్డులే చూస్తాడు, 22తో సగటున నాలుగు ల్యాండ్లు కూడా పడవు. పరిగెత్తే డెక్‌కి అది చాలు, కాచుకునే డెక్‌కి చాలదు. అడిగితే కుర్రాడు వెంటనే నాలుగు ఖరీదైన కార్డులు తీసేసి 26 చేశాడు. అసలు అలా ఎందుకు పెట్టారో వాళ్లకే తెలియాలి.

మూడో ఆట మాత్రం ఆట. తొమ్మిది పాయింట్లకు దిగిపోయేదాకా దెబ్బలు తిన్నాను. "బావా, నువ్వేమీ చెయ్యవా?" అని వాడు నవ్వుతూ నాలుగో గోబ్లిన్‌ని కూడా దించాడు. అప్పుడు వేశాను వ్రాత్ ఆఫ్ గాడ్, బల్ల మీదున్న జీవులన్నిటినీ తుడిచిపెట్టే కార్డు. నాలుగు మనా, ఒక్క ముక్క, వాడివి నాలుగు పోయాయి. ఆ తర్వాత సెర్రా ఏంజెల్ చేతికొచ్చింది. ఐదు ల్యాండ్లున్నాయి, దించేద్దామని చెయ్యి లాగింది. దించితే కౌంటర్‌స్పెల్‌కి రెండు మనా మిగలదు. ఏడు ల్యాండ్లు అయ్యేదాకా ఆగి అప్పుడు దించాను. వాడు దానిమీద లైట్నింగ్ బోల్ట్ వేశాడు. అది కొట్టేది మూడు, ఏంజెల్ తట్టుకునేది నాలుగు. అదే వంతులో రెండో బోల్ట్ తీశాడు, దాన్ని ఆపాను. వాడి 20 పాయింట్లూ అలాగే ఉన్నాయి కాబట్టి నాలుగేసి చొప్పున ఐదు దెబ్బలు పట్టింది. కొట్టినా ఏంజెల్ అలసిపోదు, కాపలాకీ నిలబడుతుంది.

ఆ ఒక్క ఆటకి 55 నిమిషాలు! ఇదే నా ఫిర్యాదు. గంటకి బిల్లు వేసేచోట కంట్రోల్ ఆడేవాడి జేబుకే చిల్లు. ఆటల లెక్కన కూడా ఒక రేటు పెట్టొచ్చు కదా.

రెండో ఫిర్యాదు ఏసీ సంగతి. అది పేరుకే ఉంది, బీచ్ వైపు కిటికీ తెరిచే ఉంచుతారు. ఆ తేమకి మెరిసే కార్డులు అప్పడాల్లా వంగిపోయాయి. నా డెక్‌లో మెరిసేది ఒక్క వ్రాత్ మాత్రమే. నాలుగో ఆటలో నేను ముక్క తీయబోతుంటే మా బావమరిది "బావా, పైన వంగిన కార్డు వచ్చిందిగా" అన్నాడు. ప్లాస్టిక్ స్లీవ్‌లో ఉన్నా వెనకనుంచి తెలిసిపోతోంది. ఇక వాడు రెండు గోబ్లిన్ల మీదే ఆగిపోయాడు, మిగతావి చేతిలోనే దాచుకున్నాడు. టైమ్ అయిపోయి ఆట సగంలో ఆగింది.

ఐదుకి మూడున్నర ఇస్తాను, అందులో రెండు ఆ కుర్రాడివే. వెళ్తే కిటికీకి దూరంగా ఉన్న టేబుల్ అడగండి, కూర్చోగానే ల్యాండ్లు లెక్కపెట్టుకోండి. టీ మాత్రం కింద బండి దగ్గరే తాగండి.